కోటయ్యకు సీటొచ్చిన విధం

ప్రపంచంలో ఏ దేశమయినా వీసా అడగకుండా లోపలికి రానిచ్చేది మాటను ఒక్కదాన్నే. మనిషికి పాయింట్లు లెక్కపెడతారు. ఆవకాయ జాడీని కుక్క చేత వాసన చూపిస్తారు. మామిడి టెంకను విమానాశ్రయంలోనే చెత్తబుట్టలో వేయిస్తారు. మాటను మాత్రం ఎవరూ ఆపరు.

'పుట్టో' అనే మాట అట్లా వచ్చిందే. అది ఇటలీ వాళ్ళది. అక్కడి చర్చీల పైకప్పుల మీదా, పాలరాతి సమాధుల మీదా, రెక్కలతో, బొద్దు పొట్టతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎగిరే పసివాడి బొమ్మకు శిల్పులు పెట్టుకున్న పేరు. ఒకడయితే పుట్టో, నలుగురయితే పుట్టి. (మా వైపు పుట్టి అంటే వడ్ల కొలత. ఆ సంగతి ఇక్కడ అనవసరం.) ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటను అరువు తెచ్చుకున్నారు. జర్మనీ వాళ్ళు తెచ్చుకున్నారు. తిరిగి ఇచ్చినవాళ్ళు లేరు. చివరికి అది ఓడెక్కి సిడ్నీలో దిగి, పడమటి శివార్లలో ఇళ్ళు కట్టుకున్న ఇటాలియన్ల వాకిళ్ళలో సిమెంటు రూపమెత్తి, అక్కణ్ణుంచి కుర్రబిల్లా కౌన్సిల్ వారి 'ఆరుబయలు అలంకారాల నియమావళి'లో ఏడో నిబంధనగా స్థిరపడింది. దానికి శాశ్వత నివాసం ఏనాడో వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఏడో నిబంధన చెప్పేదేమిటంటే, రెక్కలు, బొద్దుతనం, నగ్నత్వం అనే మూడు లక్షణాలూ ఉన్న ప్రతిమ పుట్టో. పుట్టోకు అనుమతి అక్కర్లేదు. మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా అది పుట్టో కాదు. కాకపోతే మరేమిటో ఇంటి యజమాని ముప్పై రోజుల్లో తెలియజేసుకోవాలి.

కుర్రబిల్లా బ్లాక్‌టౌన్ నుంచి బస్సులో ఇరవై రెండు నిమిషాలు. (టైంటేబుల్‌లో పద్నాలుగు అని ఉంటుంది. ఆ బస్సు నడిపేది నేను.) అక్కడ మేము కొన్న ఇల్లు ఒక ముసలి ఇటాలియన్ తాపీమేస్త్రీది. వాకిట్లో చిన్న నీళ్ళతొట్టి, తొట్టి మధ్యలో ఆయన 1974లో స్వయంగా పోసుకున్న పుట్టో. రెండున్నర అడుగుల ఎత్తు. ఎడమ రెక్క కొస విరిగింది. చంకలో ఒక చేప. ఒకప్పుడు ఆ చేప నోట్లోంచి నీళ్ళు పడేవట. ఇప్పుడు వాన వస్తే పడతాయి. ఇంటితోపాటు సంక్రమించే వస్తువుల జాబితాలో ఓవెన్ ఒకటి, ఏసీలు రెండు, బట్టలారేసే తిరుగుడు స్తంభం ఒకటి, పుట్టో ఒకటి అని ఉంది. సంతకం పెట్టాం.

మాకు కావలసింది పుట్టో కాదు, సీటు.

నా భార్య భానుశ్రీ వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ప్రసవం సెలవు అయిపోయి మార్చి మూడో తేదీ ఉదయం తిరిగి డ్యూటీలో చేరాలి. చేరకపోతే వార్డులో ఆ స్థానం ఇంకొకరిది. నాది పొద్దుటి షిఫ్టు. పిల్లను చూసుకోవడానికి వచ్చిన మా అత్తగారు మంగతాయారు గారి విజిటర్ వీసా ఫిబ్రవరి ఇరవై ఏడుతో సరి. కాబట్టి మార్చి మూడుకు మా అమ్మాయి అనన్యకు చైల్డ్‌కేర్‌లో ఒక సీటు ఉండి తీరాలి. రెండు వీధుల అవతల కౌన్సిల్ వారి చైల్డ్‌కేర్ ఉంది. అనన్య కడుపులో ఉన్నప్పుడే పేరు రాయించాం. అప్పుడు మాది వెయిటింగ్ లిస్టులో నలభై ఒకటో స్థానం. తరవాత అనన్య పుట్టింది, బోర్లా పడింది, పాకింది, నడిచింది. పద్నాలుగో నెల వచ్చేసరికి మాది నలభై మూడో స్థానం. (జాబితా ముందుకే కదలాలని ఎక్కడా రాసి లేదు. చూశాను.)

అత్తగారు నవంబరు చివర దిగారు. దిగిన మర్నాడు పొద్దున్నే వాకిట్లోంచి పిలిచారు.

"ఏంది అల్లుడుగారూ ఇది? మగపిల్లోణ్ణి దిసమొలతో ఎండలో నిలబెట్టారు?"

"బొమ్మండీ."

"బొమ్మయితే మాత్రం? బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు. పోయేవాళ్ళ కళ్ళన్నీ వీడి మీదే. ఆ రెక్క ఊరికే విరిగిందనుకున్నారా?"

బస్సులో డ్రైవరుతో మాట్లాడవద్దని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు మెడలో వేసుకునే ఇంటికి వస్తానని భానుశ్రీ అంటుంది. 

అత్తగారు పెట్టె తెరిచి, మనవరాలి కోసం తెచ్చిన నల్ల మొలతాళ్ళలో ఒకటి తీసి పుట్టో నడుముకు కట్టారు. బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. అరికాలు సిమెంటులో కూరుకుపోయి ఉండటం వల్ల రెండో చుక్క మడమ మీద పెట్టారు. ఆ రోజు నుంచీ అనన్యకు నలుగుపెట్టి నీళ్ళు పోయగా మిగిలిన సున్నిపిండి వీడికి. వారం తిరిగేసరికి యాభై ఏళ్ళ పాచి వదిలి వాడు నిగనిగలాడాడు. అనన్య తినగా మిగిలిన పప్పన్నం ముద్ద చేప తలమీద పెట్టేవారు. సాయంత్రానికి ముద్ద ఉండేది కాదు.

"తింటున్నాడు," అనేవారు సంతోషంగా.

ఐబిస్ పక్షులు తినడం నేను చూశాను. 

మా మామగారి పేరు కోటయ్య. పోయి ఆరేళ్ళయింది. ఆ పేరు పెట్టుకోవడానికి ఇంట్లో మగపిల్లాడు పుట్టలేదు. పదో రోజున అత్తగారు తొట్టి దగ్గర నిలబడి, "కోటయ్యా, కళ్ళు మూసుకో నాయనా, పిండి పడుద్ది," అంటుంటే, భానుశ్రీ వంటింట్లో గరిటె ఆపి వింది. మళ్ళీ కలపసాగింది.

యాభై ఏళ్ళపాటు వీధి మొహాన బట్టల్లేకుండా నిలబడినప్పుడు ఎవరికీ పట్టలేదు. మొలతాడు కట్టాక నెల తిరక్కుండా కౌన్సిల్ యాప్‌లో ఫిర్యాదు పడింది. 'ఆందోళన చెందిన ఒక నివాసి' ఫొటోతో సహా పెట్టారు. పుట్టోను నల్లతాడుతో బంధించారట.

జనవరి మొదటి వారంలో షెరిల్ వచ్చింది. కుర్రబిల్లా కౌన్సిల్‌లో ఆవిడ హోదా 'అలంకార ప్రతిమలు, పెంపుడు కుక్కలు, పసిపిల్లల సంక్షేమ అధికారిణి'. (ముగ్గురు రిటైరయితే ఒకరిని వేశారు.) చేతిలో టాబ్లెట్. ముఖంలో దయ. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, మొలతాడును వేలితో కదిపి చూసింది.

"చూడు మైట్, సంగతి చిన్నదే," అంది. (మైట్ అంటే మిత్రుడు. ఇక్కడ అందరూ అదే.) "ఈ తాడు బట్ట కాదంటే వాడు ఇంకా నగ్నమే. పుట్టోనే. నేను వెళ్ళిపోతాను. బట్టే అంటే మాత్రం వేరే పేజీ తెరవాలి. మీ వాళ్ళలో దీన్ని ఏమంటారు?"

నేను అత్తగారి వైపు తిరిగి అడిగాను.

"మొలతాడు ఉన్నాక దిసమొల ఎట్టా అవుద్ది?" అన్నారు ఆవిడ, షెరిల్‌ను జాలిగా చూస్తూ. "ఆమాత్రం తెలీకుండా ఆమెకి ఉజ్జోగం ఎవరిచ్చారు? మర్యాదస్తుల ఇంట్లో బిడ్డ, సిగ్గు కప్పే ఉంచామని చెప్పండి."

ఇదంతా ఇంగ్లీషులో పెట్టడానికి నాకు ఓపిక లేకపోయింది. "బట్టే," అన్నాను. (తొమ్మిదేళ్ళలో ఏ కౌంటరు దగ్గరా అవునన్నవాణ్ణి ఆపలేదు. కాదన్నవాణ్ణే పక్కకు పిలిచారు.)

టాబ్లెట్‌లో 'పుట్టో' అన్న గడి బూడిదరంగుకు తిరిగింది. రెండు గడులు మిగిలాయి. ఒకటి 'మార్పు చేసిన కట్టడం'. రెండోది 'ఇంటిలో సంరక్షణ పొందుతున్న బిడ్డ'. రోజూ స్నానం, తిండి, ఒంటి మీద బట్ట ఉన్నవారికి ఆ రెండో గడి వర్తిస్తుందని కింద రాసి ఉంది.

కౌన్సిల్ కారు కనపడగానే పక్కింటి వంశీధర్ కంచె మీదుగా తల పెట్టాడు. అతను ఐటీ ఉద్యోగి. తన వీసా, తమ్ముడి వీసా, తమ్ముడి రూమ్మేట్ వీసా సొంతంగా నింపినవాడు. ఫారాల విషయంలో మా వీధికి పెద్దదిక్కు.

"చలపతన్నా, ఫస్ట్ ఆప్షన్ టచ్ చేశావంటే ఫినిష్. స్ట్రక్చర్ అంటే ఇంజనీర్ సర్టిఫికెట్, డ్రైనేజ్ ప్లాన్, హెరిటేజ్ రిపోర్ట్, మొత్తం ఎలెవెన్ అటాచ్‌మెంట్స్. మా ఫ్రెండ్‌గాడు పెర్గోలా పందిరికి పెట్టాడు, ఇప్పటికీ 'అండర్ అసెస్‌మెంట్'. సెకండ్ దానికి పేరు, డేట్ ఆఫ్ బర్త్. అంతే. టూ ఫీల్డ్స్!"

"అబద్ధం కదా."

"అబద్ధం ఎలా అవుతుందన్నా? మనం రాసిందా? వాళ్ళిచ్చిన డ్రాప్‌డౌన్."

పరాయి దేశంలో మనవాళ్ళు నమ్ముకున్న ధర్మం ఒకటుంది. ఏ గడికి అటాచ్‌మెంట్లు తక్కువో, నిజం ఆ గడిలోనే ఉంటుంది. నేను రెండోది నొక్కాను.

పేరు కోటయ్య అని అత్తగారే చెప్పారు. పుట్టిన తేదీకి పీఠం మీద 1974 అని ఉంది. యాప్ ఒప్పుకోలేదు. అనన్య పుట్టిన సంవత్సరాన్ని దానంతట అదే వేసుకుని, రోజూ నెలా ఎంతని అడిగింది. మా ఊరి బడిలో చేరిన పిల్లలందరికీ హెడ్మాస్టరుగారు జులై ఒకటో తేదీ రాసేవారు. తరతరాలుగా మా ఊరు మొత్తం ఆ ఒక్క రోజే పుట్టింది. వీడూ ఇంటివాడే కదా అని అదే వేశాను.

అన్న జులైలో, చెల్లెలు అదే సంవత్సరం నవంబరులో. భానుశ్రీ నర్సు. ఆ తేదీలు చూసి వేళ్ళ మీద రెండుసార్లు నెలలు లెక్కపెట్టింది. సిస్టం ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి నా ఫోను మోగసాగింది. కోటయ్యకు పద్దెనిమిది నెలలు నిండాయి, ఎదుగుదల పరీక్ష చేయించలేదేమని అడిగారు. ఇంట్లోనే నింపే ఫారం పంపారు. మాటలు? రావు. నడక? లేదు. పిలిస్తే చూస్తాడా? చూడడు. బరువు? తొట్టిలోంచి పెకలించి, మూటల ట్రాలీ అరువు తెచ్చి తూకం వేసి డెబ్బై నాలుగు కిలోలు అని రాశాను. రోజులో ఎక్కువసేపు ఎక్కడ గడుపుతాడు? నీళ్ళలో. అదనపు అవయవాలు ఏమైనా? రెండు, ఒకటి విరిగింది. కుటుంబంలో ఇంకెవరికైనా ఈ లక్షణాలు? మాటల సంగతి మాత్రం తండ్రికి కొంత ఉందని భానుశ్రీ చెబితే అదీ రాశాను. ఆ ఫారంలో ఒక్క అబద్ధం లేదు.

ఎంత అవసరమున్న బిడ్డకు అంత ముందు సీటని ఆ ఫారానికి పాయింట్లు వేస్తారట. తొంభై అయిదు వచ్చాయి. (శాశ్వత నివాసానికి నావి డెబ్బై.)

అనన్య నడుస్తుంది, తింటుంది, పోయేవాళ్ళందరికీ 'బై' చెబుతుంది. ఎత్తుకోవడానికి అమ్మమ్మ ఉంది. అనన్యకు సున్నా.

జనవరి ఇరవయ్యో తేదీన యాప్‌లో రంగుకాగితాలు రాలాయి. 'శుభవార్త! కోటయ్యకు సీటొచ్చింది. ఫిబ్రవరి మూడు నుంచి పంపవచ్చు.'

ఆ సాయంత్రమే భానుశ్రీ, నేను కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళాం. ఇరవై ఏడో టోకెన్. షెరిల్ మమ్మల్ని చూడగానే లేచి అభినందించింది.

"ఆ సీటు మా అమ్మాయికి ఇవ్వండి," అంది భానుశ్రీ. "వాడికి అక్కర్లేదు. వాడు సిమెంటు."

షెరిల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మేము పిల్లల విషయంలో ఆ మాట వాడం. ప్రతి బిడ్డా తన వేగంతో ఎదుగుతుంది."

"వేగం కాదు మేడం. ఇసక, కంకర."

"అర్థమయింది," అని షెరిల్ టేబుల్ మీద పెన్ను తీసుకుంది. "కొడుకు పట్ల తల్లికి కొంత విముఖత ఉన్నట్టు నోట్ రాయమంటారా? సాయంగా ఎవరినైనా పంపిస్తాం. వారానికోసారి ఇంటికి వస్తారు."

భానుశ్రీ నా వైపు చూసింది. నేను కాళ్ళ వైపు చూసుకున్నాను.

"వద్దు," అంది భానుశ్రీ.

"గుడ్. ఇంకో మంచి మాట చెప్పనా? అన్న చేరితే చెల్లెలికి మొదటి హక్కు. వాడు వస్తూ ఉంటే అనన్య నలభై మూడు నుంచి తిన్నగా ఒకటికి వస్తుంది. ఖాళీ పడ్డ తక్షణం సీటు మీదే."

మార్చి మూడుకు ఇంకా ఆరు వారాలుంది. అన్నను బడికి పంపడం కంటే తోవ కనపడలేదు.

ఫిబ్రవరి మూడున కోటయ్యను తొట్టిలోంచి ఎత్తి మూటల ట్రాలీకి కట్టాం. అత్తగారు తల తుడిచి, మొలతాడు సరిచేసి, ఎండకు టోపీ పెట్టి, టిఫిన్ డబ్బా చేప మీద తగిలించారు. రెండు వీధులు తోసుకుంటూ వెళ్ళాను. జీబ్రా క్రాసింగ్ దగ్గర కార్లన్నీ ఆగాయి. ఒకామె అద్దం దించి, "ఎంత బుద్ధిగా కూర్చున్నాడో," అంది. నిజానికి నిలబడే ఉన్నాడు.

పసిపిల్లల గదిలో టీచరు శ్రావ్య. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. మనుషుల్ని చూసి ఏ భాషలో మాట్లాడాలో తేల్చుకునే రకం. ట్రాలీని చూసింది, నన్ను చూసింది, చేతిలో లిస్టు చూసింది.

"కోటయ్య అంటే ఈడేనా అంకుల్?"

"ఈడేనమ్మా."

లిస్టు చంకలో పెట్టుకుంది. "రూల్ ప్రకారం ఒక్క టీచర్‌కి నలుగురు పిల్లలు అంకుల్. నా నలుగుర్ల ఒకడు కొరుకుతడు, ఒకడు ఉరుకుతడు, ఒకతి పొద్దంతా ఏడుస్తది. ఈణ్ణి అటు మూలకి పెట్టుండ్రి. మెల్లగ. నా బంగారం."

రోజూ సాయంత్రం యాప్‌లో రిపోర్టు వచ్చేది. 'కోటయ్య ఈ రోజు ప్రశాంతంగా గడిపాడు. పాస్తా ముట్టలేదు. తన చేపను మిత్రులతో పంచుకున్నాడు. నిద్ర: రెండు గంటలు, కళ్ళు తెరిచి. న్యాపీ: పొడి.' రెండో వారం 'ఇతరులు కొరికినా తిరిగి కొట్టని బిడ్డ' అని ప్రశంసాపత్రం ఇచ్చారు. కొరికిన పిల్లవాడి తల్లిదండ్రులు పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారట. అత్తగారు ఆ పత్రాన్ని ఫ్రిజ్ మీద అంటించి, మామగారి ఫొటో వైపు చూసి, "బడికి పోతున్నావు, సంతోషం," అన్నారు. మామగారు బడికి వెళ్ళలేదు.

అనన్య మొదటి స్థానానికి వచ్చింది. అక్కడే ఉంది.

ఫిబ్రవరి ఇరవై నాలుగున ఉత్తరం వచ్చింది. పసిపిల్లల గది ఎనిమిది సీట్లు నిండిపోయాయి. చివరి సీటు కోటయ్యది. అనన్యకు ఖాళీ పడాలంటే కోటయ్య మానుకోవచ్చు. కోటయ్య మానుకుంటే అనన్యకు చదువుతున్న అన్న లేనట్టు. కాబట్టి ఆమె స్థానం నలభై నాలుగు.

వంశీధర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మెచ్చుకోలుగా తల ఊపాడు. "క్లీన్ లాజిక్ అన్నా. ఎక్కడా బగ్ లేదు."

ఇరవై ఏడున అత్తగారిని విమానాశ్రయంలో దింపాం. లోపలికి వెళ్ళబోతూ అనన్యను ముద్దుపెట్టుకుని, నా వైపు తిరిగారు.

"కోటయ్య మొలతాడు బిగిసిందేమో చూస్తుండండి అల్లుడుగారూ. పెరిగే బిడ్డ."

"అట్టాగేనండీ."

కారులో భానుశ్రీ ఫోను తీసి ఆసుపత్రి ఉత్తరాలు మళ్ళీ చదివింది. సెలవు పొడిగించమని ఆసుపత్రికి రెండుసార్లు రాసింది. రెండుసార్లూ సానుభూతి వచ్చింది. ఇంటికి వచ్చాక యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది.

మార్చి మూడు పొద్దున నేను షిఫ్టు మార్చుకుని, కోటయ్యను ట్రాలీకి కడుతున్నాను. భానుశ్రీ యూనిఫాంలో బయటికి వచ్చింది. చంకలో అనన్య.

"వాణ్ణి దించండి."

"సీటు పోతుంది."

"పోదు. సీటు పేరుదేగా, మనిషిది కాదుగా. దించండి."

వార్డులో ఒక మాత్ర ఇవ్వడానికి మూడుసార్లు పేరు అడిగి, చేతిపట్టీ చూసి, మళ్ళీ పేరు అడిగే మనిషి. నేను తాడు విప్పి వాణ్ణి తిరిగి తొట్టిలో నిలబెట్టాను.

చైల్డ్‌కేర్ గుమ్మంలో శ్రావ్య లిస్టుతో నిలబడి ఉంది. "గుడ్ మార్నింగ్ అక్కా. గుడ్ మార్నింగ్ అంకుల్." (ఆవిడకు అక్క, నాకు అంకుల్. ఆ వరస ఎట్లా కుదిరిందో నేను అడగలేదు.) "ఎవరొచ్చిన్రు ఇయ్యాల?"

"కోటయ్య," అంది భానుశ్రీ. గొంతు మామూలుగానే ఉంది. అనన్య గౌను అంచును మాత్రం గట్టిగా పట్టుకుంది.

శ్రావ్య అనన్యను చూసింది. ఖాళీగా ఉన్న నా చేతులు చూసింది. తన మూలను, ఒక నెల హాయిని తలుచుకున్నట్టుంది. నిట్టూర్చి, లిస్టులో టిక్కు పెట్టింది.

"రా కోటయ్యా. కొరకొద్దు మరి."

అనన్య లోపలికి పోతూ మాకు 'బై' చెప్పింది. భానుశ్రీ ఆసుపత్రికి సమయానికి చేరింది.

ఆ సాయంత్రం రిపోర్టు పొడుగ్గా ఉంది. 'అద్భుతం! కోటయ్య ఈ రోజు నడిచాడు! తొలి మాట పలికాడు! పాస్తా రెండుసార్లు అడిగాడు! బరువు తొమ్మిదిన్నర కిలోలు. కుటుంబం ఆహారంలో చేసిన మార్పులకు అభినందనలు.' నెలాఖరుకు కౌన్సిల్ పత్రికలో 'ముందుగా గుర్తిస్తే మార్పు సాధ్యం' అని వ్యాసం పడింది. ఒకవైపు మూలన నిలబడ్డ కోటయ్య ఫొటో, ఒకవైపు ఇసకలో ఆడుకుంటున్న కోటయ్య ఫొటో. రెక్కలు రాలిపోవడం గురించి 'వైద్యపరమైన గోప్యత' అని ఒక్క ముక్క రాశారు.

ఏప్రిల్‌లో మరో ఉత్తరం వచ్చింది. కోటయ్య అన్ని విధాలా కోలుకున్నందున అతని పాయింట్లు సున్నా. మూడు నెలల సమీక్ష నిబంధన ప్రకారం ఆ నెలాఖరుతో సీటు రద్దు.

అది చేతిలో పట్టుకుని నేను వాకిట్లో నిలబడి ఉండగానే షెరిల్ వచ్చింది. కోటయ్య విజయం ఆవిడకు కొత్త ఉత్సాహం ఇచ్చినట్టుంది.

"ఇంట్లో ఇంకో బిడ్డ ఉండాలి కదా. అన్న మీద పడి చెల్లెల్ని మరిచిపోయామేమోనని వచ్చాను. అనన్య ఎక్కడ?"

పగటిపూట మా ఇంట్లో ఉండేది ఒక్కరే. షెరిల్ అటు తిరిగింది. తొట్టిలో చేపను చంకన పెట్టుకుని నిలబడి ఉంది. మొలతాడు వెలిసిపోయింది. అత్తగారు వెళ్ళాక నలుగూ లేదు, ముద్దా లేదు. భుజాల మీద పాచి మళ్ళీ వచ్చింది.

షెరిల్ చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఈమేనా అనన్య?"

పన్నెండు గంటలు బస్సు నడిపి వచ్చాను.

"ఆమే," అన్నాను.

మాటలు రావు, నడక లేదు, పిలిస్తే చూడదు, డెబ్బై నాలుగు కిలోలు, పట్టించుకునేవారు లేరని షెరిల్ స్వయంగా రాసుకుంది. తొంభై తొమ్మిది పాయింట్లు. మే ఒకటి నుంచి కోటయ్య సీటు అనన్యకు.

మే ఒకటిన మా అమ్మాయి సొంత పేరుతో చైల్డ్‌కేర్‌కు వెళ్ళింది. మొదటి రోజే నడిచింది, మాట్లాడింది, పాస్తా తింది. జులై చివరికి అనన్య పాయింట్లు సున్నా. ఆ లోపల షెరిల్ వచ్చి, బాగుపడ్డ కోటయ్య మళ్ళీ పాతదశకు చేరుకున్నాడని తొట్టి దగ్గర గుర్తించింది. ఆగస్టు నుంచి సీటు మళ్ళీ కోటయ్యది. ఇట్లా మూడు నెలలకోసారి వంతు మారుతుంది. వంశీధర్ తన ఫోనులో మాకోసం రిమైండర్ పెట్టాడు. భానుశ్రీ వార్డులో చేరి ఆరు నెలలయింది. ఒక్కరోజు ఆలస్యం లేదు. సీటుకు వచ్చిన ముప్పేమీ లేదు. అడిగినవాళ్ళకు సిస్టం బాగానే పనిచేస్తోందని చెబుతున్నాను.

మొన్న ఆదివారం అత్తగారు వీడియో కాల్ చేశారు. చలికి వాడికి టోపీ పెట్టారా లేదా అని అడిగి, "కోటయ్యా," అని పిలిచారు. లోపలి గదిలోంచి మా అమ్మాయి పరుగెత్తుకు వచ్చి ఫోను ముందు నిలబడింది.

"చూశావటే, తాత పేరు చెబితే ఎట్టా వచ్చిందో!" అని ఆవిడ మురిసిపోయారు.

భానుశ్రీ ఫోను నా చేతికిచ్చి, పిల్ల ఎదురుగా కూర్చుని, మెల్లగా, "అనన్యా," అని పిలిచింది.

మా అమ్మాయి కిటికీలోంచి తొట్టి వైపు చూసి, బొమ్మ పలుకుతుందేమోనని కాసేపు ఆగింది.